పాలపిట్టల హాజరు పట్టీ

నాచారంలో పీటర్ గారింట్లో శనివారం పొద్దున అందరికన్నా ముందు నిద్ర లేచేది దీవెన ఫోను. ఆ రోజైతే మరీను. ఇడ్లీ రుబ్బు ఇంకా పొంగను కూడా లేదు, అప్పటికే నాలుగోసారి మోగింది.

"వదినా, నాది తొమ్మిదో నంబరు. రేపు బండి తేలేను, సెల్ఫ్ కొడ్తలేదు. ఫోటో పంపిస్త, హాజరు వేస్కో."

"ఫోటోకి హాజరు లేదన్నా. పిలిచే టైముకి ఫోన్ల ఉండి, సొంత నోటితోటి ఉంది అని చెప్పు. అప్పుడు వేస్త."

పొయ్యి దగ్గరున్న అత్తగారు లూర్దమ్మ గరిటె పైకెత్తింది. "బడిపిల్లల కన్నా ఎక్కువైన్రు మీ కార్లు! ఒకదానికి దగ్గు, ఒకదానికి జ్వరం. ఈ ఇంట్ల బైబిల్ కన్నా గా రిజిస్టరే ఎక్కువసార్లు తెరుస్తున్నరు. ప్రభువు అన్నీ చూస్తున్నడు."

"చూడనీ అత్తమ్మా, ఆయన దగ్గర కూడ మన పేర్లు రాసే జీవగ్రంథం ఉన్నది గద."

"మాటకి మాట!" అంది లూర్దమ్మ, నవ్వు ఆపుకోలేక.

ఆ రిజిస్టరు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎనభైల్లో భూషణం గారని ఒకాయన నాచారంలో ఫ్యాక్టరీ పెట్టి, రెండే సీట్ల స్పోర్ట్స్ కారు చేశాడు. పైకప్పు లేదు, డిక్కీ పేరుకి మాత్రమే ఉంది, కూర్చుంటే నడుం రోడ్డుకి తగులుతుందేమో అనిపిస్తుంది. ఊరంతా స్కూటర్లకే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురు చూస్తున్న కాలంలో అలాంటి కారు ఎవరు కొంటారని భూషణం గారిని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నీలం రంగు వేసి పాలపిట్ట అని పేరు పెట్టాడు. ముప్పై ఒక్క పాలపిట్టలు బయటికి వచ్చాక ఫ్యాక్టరీకి తాళం పడింది.

ఆ కార్ల ఒళ్ళన్నీ పోసింది పీటరే. అచ్చులో ఫైబర్ మ్యాట్ పరిచి, దాని మీద బ్రష్‌తో రెజిన్ పూసి, ఆరాక ఊడదీయడం ఆయన పని. మూసేసిన రోజు మిగతావాళ్ళు రావలసిన జీతం అడిగితే, ఆయన అచ్చు అడిగాడు. లారీ మీద తెచ్చి ఇంటి వెనక గోడ పక్కన బోర్లించాడు. లూర్దమ్మ నెల రోజులు మొగుడితో మాట్లాడలేదు. తర్వాత ఆ అచ్చు మీదే మిరపకాయలు ఎండబెట్టడం మొదలుపెట్టి రాజీకి వచ్చింది.

రిపేరు కోసం పాలపిట్టల వాళ్ళు పీటర్‌ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఏ నంబరు ఎవరి దగ్గరుందో ఆయన రాసుకోవడం మొదలుపెట్టాడు. అదే క్లబ్బు అయింది, రిజిస్టరు అయింది. ఏడాదికోసారి ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక, ఉప్పల్‌లో స్టేడియం అవతల ఖాళీ జాగాలో అందరూ చేరతారు. రిజిస్టరు పట్టుకున్న వాళ్ళు నంబర్లు పిలుస్తారు, బళ్ళో పంతులమ్మ పిలిచినట్టే. కారున్నవాళ్ళు "ఉంది" అంటారు. కాలిపోయినవీ, తుక్కైపోయినవీ ఉంటాయి. వాటి నంబర్లూ పిలుస్తారు. ఆ ఇంటివాళ్ళు ఎవరో ఒకరు వచ్చి "పోయింది" అని చెప్పి వెళ్తారు. పోయిన నంబరు ఇంకో కారుకి ఇవ్వరు. చెయ్యి వణకడం మొదలయ్యాక పీటర్ ఆ రిజిస్టరుని కొడుక్కి ఇవ్వలేదు, కోడలికిచ్చాడు. అందరి ముందూ ఇచ్చాడు.

"దీవెనా, టిఫిన్ అయినంక జర షెడ్డుకి రా," అన్నాడు ఆమె భర్త అనిల్ కుమార్ ఇడ్లీ తుంచుతూ. "ఒకటి చూపిస్త."

అతని మొహంలో నవ్వు చూసి దీవెన ఆశ్చర్యపోయింది. నాచారంలో అతనికి కార్ల బాడీ షెడ్డుంది. కంపెనీ సర్వీసు సెంటర్లు వచ్చాక సొట్టలు తీయించుకునేవాళ్ళే తగ్గిపోయారు. జాగా ఓనరు కూడా ఖాళీ చేయమని పోరుతున్నాడు. ఏడాదిగా ఆ మొహం మబ్బు పట్టే ఉంది.

షెడ్డులో అనిల్ పట్టా లాగేశాడు.

పాలపిట్ట! కొత్తగా, నీలంగా, కింద ఇప్పుడే వాలినట్టు ఉంది. దీవెన దగ్గరికి నడిచింది. చుట్టూ తిరిగింది. బానెట్ ఎత్తి చూసింది. బానెట్ లోపలి అంచున రెజిన్‌లో బొటనవేలి గుంట ఒకటి ఎండిపోయి కనిపించింది. ఆమెకి నవ్వొచ్చింది. ఆరకముందే తాకి చూడటం అనిల్‌కి చిన్నప్పటి జబ్బు. దానికోసం పీటర్ చేతిలో తిన్న దెబ్బలకి లెక్కే లేదని లూర్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"నువ్వే పోసినవా? మామ అచ్చులనా?"

"మరి? ఏడాది పట్టింది. ఎవ్వలకి చెప్పలే. అమ్మ మిరపకాయలు పక్కకి పెట్టి అచ్చు ఎత్తుకపోతుంటే ఎందుకురా అన్నది, పాలిష్ పెట్టనీకి అన్న." అతను పిల్లాడిలా నవ్వాడు. "అచ్చు తియ్యి. రిజిస్టర్ల ఎక్కియ్యాలె గద."

అదీ క్లబ్బులో ఒక పద్ధతి. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, అలాగే చాసిస్ ప్లేటు మీద కాగితం పెట్టి రుద్దాలి. ఆ కాగితం రిజిస్టర్‌లో అంటించాలి. దీవెన ఉత్సాహంగా మోకాళ్ళ మీద కూర్చుని రుద్దింది. కాగితం మీద ఒకటి తేలింది. పక్కన ఏడు తేలింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇది పోశయ్య పెదనాయిన నంబరు."

"అవును. ఉప్పల్ల కబాడీ దుకాణంల, తుక్కుల దొరికింది ప్లేటు. నకిలీ కాదు దీవెనా, ఫ్యాక్టరీల కొట్టిందే. అచ్చు వచ్చిందా లేదా?"

"అచ్చు వచ్చింది. కారు రాలేదు."

"ఏం మాటలివి?"

"పదిహేడు కాలిపోయింది. వరంగల్ రోడ్డు మీద, ఘట్‌కేసర్ దాటినంక, ఆగున్న లారీకి కొట్టుకుని. అండ్లనే పెదనాయిన పోయిండు. శ్యామలమ్మ పెద్దమ్మ ఏటేటా వచ్చి పోయింది అని చెప్తది. రేపు ఆమె ముందల నువ్వు ఉంది అంటవా?"

అనిల్ పట్టాని కాలితో పక్కకి తన్నాడు. "విశ్వనాథం గారని పెద్ద పార్టీ. ఫామ్‌హౌస్‌ల పాత కార్లు పెట్టుకుంటడు. రేపు వస్తుండు. అసలు పాలపిట్టయితేనే తీసుకుంటడంట. పీటర్ గారి రిజిస్టర్ల ఉంటే చాలు, ఇంకేం అడగను అన్నడు. షెడ్డు నిలబడ్తది దీవెనా. ఒక్క గీత. గంతే."

"నువ్వే చేసిన అని చెప్పు. మీ నాయిన అచ్చుల నువ్వు పోసినవ్. గది చిన్న మాటనా?"

"నిన్న చేసిన కారు ఎవడు కొంటడే?"

"కొనకపోతే కొనకపోనీ. నేనైతే రాయ."

*

మధ్యాహ్నం అన్నాల దగ్గర విషయం బయటపడింది. అనిల్ కంచం ముందుకి తోసి అంతా చెప్పేశాడు. పీటర్ చాలాసేపు పప్పులో వేలు తిప్పుతూ కూర్చున్నాడు. మామగారు ఇప్పుడు కొడుకుని కడిగేస్తాడని దీవెన అనుకుంది.

"రాసెయ్యి బిడ్డా," అన్నాడు పీటర్.

"మామా!"

"పోశయ్య లేడు. కారు లేదు. లేనోళ్ళకి పోయేదేమున్నది? వీని షెడ్డు పోతే వీడు ఏం చేస్తడు? చదువుకుంట అంటే, ఫ్యాక్టరీ మల్ల తెరుస్తరు, నా ఎంబడి పని నేర్చుకో అని నేనే బడి మాన్పిచ్చిన. ఫ్యాక్టరీ తెరవలే. నేను వీనికి ఇచ్చింది గీ రెజిన్ వాసనొక్కటే." ఆయన వేలిని కంచం అంచుకి తుడిచాడు. "పోయింది అన్న కాడ కొట్టేసి ఉంది అని రాయి."

"నేను ల్యాబ్‌ల పని చేస్త మామా. రక్తం ఒకలది, పేరు ఒకలది రాస్తే ఏమైతదో నాకు తెలుసు."

"కార్లకి రక్తం ఉంటదా?" అనిల్ అరిచాడు. "అసలు నువ్వీ ఇంటి కోడలివా, పోశయ్య బిడ్డవా?"

"ఇంటి కోడలినే. అందుకే చెప్తున్న. గా రిజిస్టరు ఈ ఇంటి పేరు మీదనే నడుస్తున్నది. పీటర్ గారి రిజిస్టర్ల ఉంటే ఇంకేం అడగను అన్నడని నువ్వే చెప్పినవ్. గా ఒక్క నమ్మకమే మనకున్న ఆస్తి. రేపటినుంచి ముప్పై ఒక్క కార్లనీ నమ్మరు."

లూర్దమ్మ కోడలి పక్కకి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ ఉండే ఎకసెక్కం ఆ గొంతులో లేదు. "వాడు ఎన్ని దినాలకి నవ్విండే పొద్దుగాల? నువ్వు చూడలేదా? ఒక్కసారికి కళ్ళు మూసుకో బిడ్డా."

అదొక్కటే దీవెనని కదిలించింది. అనిల్ మీద కోపం పెట్టుకోవడం సులువు, మామగారితో వాదించడం కూడా సులువే. పొద్దున్నే ఆ నవ్వు చూసినప్పుడు తన కడుపు నిండిపోయిన మాట నిజం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా లేచి, బైబిల్ కింద నుంచి రిజిస్టరు తీసింది. తెచ్చి పీటర్ ముందు పెట్టింది.

"ఇగో మామా. నీ చేత్తోటి ఇచ్చినవ్, నీ చేతులనే పెడ్తున్న. రాస్తే నువ్వే రాయి, నేను అడ్డం రాను. కానీ రేపు పిలిచేది కూడ నువ్వే. పదిహేడు అని పిలిచి, శ్యామలమ్మ పెద్దమ్మ మొహం దిక్కు సూసుకుంట ఉంది అని రాసుకో. నేను మాత్రం ఆమె పక్కన నిలబడ్త. నన్ను ఇంట్లకి రానిచ్చినా సరే, రానియ్యకున్నా సరే."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో గిన్నెలు తప్ప మరేవీ చప్పుడు చేయలేదు. రిజిస్టరు పీటర్ మంచం పక్కన ఉంది, దాని మీద పెన్ను ఉంది. దీవెన అటుగా రెండుసార్లు నడిచింది కానీ తెరిచి చూడలేదు. ఇచ్చేశాక తొంగి చూడటమేమిటని తనకి తానే చెప్పుకుంది.

*

ఆదివారం చర్చిలో ఆమె, అనిల్ చెరో చివర కూర్చున్నారు. ఉప్పల్ జాగాకి ఆమె షేర్ ఆటోలో వెళ్ళింది.

పాలపిట్టలు అప్పటికే వరస కట్టాయి. కొన్నింటికి రంగు వెలిసింది, ఒకదాన్ని తోసుకుంటూ తెచ్చారు, ఇంకొకదాని అద్దం టేపుతో నిలబడి ఉంది. అన్నింటి చివర అనిల్ తెచ్చింది నిగనిగలాడుతోంది. తెల్ల షర్టులో విశ్వనాథం దాని చుట్టూ తిరుగుతూ తల ఊపుతున్నాడు. శ్యామలమ్మ ఎప్పటిలాగే రామంతాపూర్ నుంచి ఒక్కతే వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటోంది.

"ఏందే బిడ్డా, మొహం గట్ల పెట్టినవ్?"

దీవెన ఆమె పక్కన నిలబడింది. "పెద్దమ్మా, ఇయ్యాల మీ నంబరు పిలిచినప్పుడు ఎవ్వలేమన్నా నువ్వు లేచి నీ మాట చెప్పాలె. కూసోవద్దు."

"ఎందుకు కూసుంట? ఏడాదికి ఒక్కపారి ఆయన పేరు చెప్పనీకి వస్త నేను," అంది శ్యామలమ్మ, చట్నీ తుడుచుకుంటూ.

పీటర్ లేచి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. రిజిస్టరు తెరిచాడు. ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఉంది, ఉంది, పోయింది, ఉంది. తొమ్మిదో నంబరు ఫోన్లోంచి "ఉంది పీటరన్నా, సెల్ఫ్ ఒక్కటే లేదు" అంటే అందరూ నవ్వారు. దీవెన నవ్వలేదు. ఆమె కళ్ళు అనిల్ మీదే ఉన్నాయి. అతను తాళంచెవిని గుప్పిట్లో నలుపుతున్నాడు.

"పదిహేడు," అని పిలిచాడు పీటర్.

శ్యామలమ్మ లేచింది. అనిల్ కూడా ఒక అడుగు ముందుకి వేశాడు. ముసలామెని చూశాడు, పక్కనే నిలబడి తనవైపే సూటిగా చూస్తున్న భార్యని చూశాడు. అతని నోరు తెరుచుకుంది. ఉంది అనకుండానే మూసుకుంది.

"పోయింది," అంది శ్యామలమ్మ. "తీస్కపోయినాయన గూడ పోయిండు. ఆ పొద్దు నన్ను గూడ రమ్మన్నడు. బియ్యం నానబోసిన, రానన్న. గంతే."

"ఇదేంటి?" విశ్వనాథం అనిల్ వైపు తిరిగాడు. "పదిహేడు ఇదేనన్నారు కదా మీరు?"

అందరూ పీటర్‌ని చూశారు. పీటర్ కళ్ళద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పదిహేడు పోయింది," అన్నాడు గట్టిగా. "పద్దెనిమిది."

విశ్వనాథం ఇంకొక నిమిషం నిలబడి, వెళ్ళి తన కారెక్కాడు. అనిల్ ఆపలేదు. తల దించుకుని మట్టిలోకి చూస్తూ ఉండిపోయాడు. దీవెనకి గెలిచిన సంతోషమేమీ కలగలేదు. భర్త దగ్గరికి పరుగెత్తాలనిపించింది. కానీ పిలుపు అయ్యేదాకా కదలకూడదు, అది కూడా పద్ధతే.

ముప్పై ఒకటి అయింది. జనం లేవబోయారు. పీటర్ రిజిస్టరు మూయలేదు. ఇంకో కాగితం తిప్పాడు.

"ముప్పై రెండు."

అందరూ మొహాలు చూసుకున్నారు. పెద్దాయన పొరపడ్డాడని ఎవరో గొణిగారు. లూర్దమ్మ "చాలు పెద్దమనిషీ, అయిపోయినయ్" అని చొక్కా పట్టి లాగబోయింది. ముందుగా అర్థమైంది దీవెనకే.

"ముప్పై రెండు!" పీటర్ మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆ గొంతు రోడ్డు మీదికి వినిపించింది. "ఎవ్వలిది? ఉందా, పోయిందా?"

అనిల్ తలెత్తాడు. తన కారు వైపు ఒకసారి చూశాడు.

"ఉంది డాడీ."

"పోసింది ఎవ్వలు?"

"నేనే."

"గట్టిగ చెప్పు. నువ్వేం దొంగతనం చేసినవా?"

"నేనే పోసిన! అనిల్ కుమార్, పీటర్ కొడుకుని! నా చేతులతోటి పోసిన!" అని అరిచి, అనిల్ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అప్పుడు పీటర్ రిజిస్టరుని కోడలి చేతిలో పెట్టాడు. పదిహేడో నంబరు కాగితం ఎలా ఉన్నదలాగే ఉంది. చివరి కొత్త కాగితం మీద మాత్రం వంకరటింకరగా, పెద్దక్షరాల్లో ముప్పై రెండు అని వేసి ఉంది.

"రాద్దామనే పెన్ను పట్టిన బిడ్డా," అన్నాడాయన. "పోశయ్య బండిని పోసింది నేనే. కాలిన బండిని సూసింది గూడ నేనే. ఉంది అని ఎట్ల రాయాలె? మల్ల అనిపిచ్చింది, నా కొడుకు పుట్టినంక మొదటిసారి ఒక బండి చేస్తే, దానికి సచ్చినదాని పేరు పెడ్తున్ననా అని. నువ్వు రాయనన్నవ్ కాబట్టి నాకు ఆ బుద్ధి పుట్టింది. నువ్వు సరే అనుంటే నేను హాయిగ నిద్రపోయేటోణ్ణి."

దీవెన ఆయన చెయ్యి పట్టుకుని కళ్ళకి అద్దుకుంది.

అనిల్ స్క్రూడ్రైవర్‌తో ప్లేటు విప్పి తెచ్చాడు. శ్యామలమ్మ ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని ఆమె ఒళ్ళో పెట్టాడు. "తప్పయింది పెద్దమ్మా" అన్నాడు. ఆమె ఆ అంకెల మీద వేలితో రాసింది. మంటల్లోంచి ఆయనదంటూ ఒక్క వస్తువూ ఆమెకి ఇన్నేళ్ళుగా దొరకలేదు. ప్లేటుని కొంగు చివర ముడి వేసుకుని, ఆ ముడి గుండెకి ఆనించుకుని ఏడ్చింది. కాసేపటికి అనిల్ తల మీద చెయ్యి వేసింది.

"షెడ్డు పోయినట్టే గద ఇగ," అన్నాడు అనిల్ లేస్తూ, దీవెన వైపు చూడకుండా.

"పోతే పోనీ!" లూర్దమ్మ మధ్యలోకి వచ్చింది. "ఇంటి ముందల వాకిలి లేదా? ఆడనే పోసుకో బండ్లు. నా మిరపకాయలు మిద్దె మీద ఎండబెట్టుకుంట. ఆ పెద్ద పార్టీ కొనకపోతే మనం ఉపాసం పంటమా? నడువ్!"

జాగాలో అందరూ నవ్వారు. అనిల్ కూడా నవ్వలేక నవ్వాడు. ఆ నవ్వు దీవెన కోసం కూడా అని ఆమెకి తెలిసింది.

ఆమె రిజిస్టరు తెరిచి రాయడానికి కూర్చుంది. రంగు నీలం, సీట్లు రెండు, పోసింది అనిల్ కుమార్. ఒక గడి మిగిలిపోయింది.

"ప్లేటు లేదు గద. అచ్చు దేనిది తియ్యాలె?" అని అడిగింది భర్తని. నిన్నటి మధ్యాహ్నం తర్వాత అతనితో మాట్లాడిన మొదటి మాట అదే.

అనిల్ ఆలోచించాడు. తర్వాత ఆమె చేతిలోంచి కాగితం, పెన్సిలు తీసుకున్నాడు. బానెట్ ఎత్తి, లోపలి అంచున కాగితం పెట్టి మెల్లగా రుద్దాడు. ఆరకముందే తాకిన బొటనవేలి గుంట నల్లటి పెన్సిలు మధ్య తెల్లగా తేలింది.

పీటర్ ఆ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఆరకముందల తాకద్దని ఎన్నిసార్లు చెప్పినరా నీకు," అన్నాడు. చెంపల మీద కారుతున్న నీళ్ళు తుడుచుకోకుండానే ఆ కాగితాన్ని కోడలికి అందించాడు, అంటించమని.